కట్టడాల గుణదోష విచారణ

ఒక గ్రంథం వెలువడితే పండితులు దాని గుణదోషాలను విచారిస్తారు. కట్టడం విషయంలో ఈ అలవాటు మనలో అంతగా పాదుకోలేదు. గ్రంథం నచ్చనివారు దాన్ని మూసి పక్కన పెట్టగలరు. కట్టడాన్ని అలా పక్కన పెట్టడం సాధ్యం కాదు. అది రెండు మూడు తరాలపాటు అందరి ఎదుటా నిలిచి ఉంటుంది. పైగా మస్జిదు, మద్రసా వంటివి బీదసాదల చందాలతో లేచేవి. అల్లాహ్ గృహం గురించి మాట్లాడితే అపచారమవుతుందేమోనన్న సంకోచంతో చాలామంది నోరు విప్పరు. ఈ సంకోచానికి ఆధారం ఉన్నదా?

మదీనాలో జరిగిన చర్చ

దైవప్రవక్త (సఅసం) కాలంలో మదీనా మస్జిదు పచ్చి ఇటుకల గోడలతో, ఖర్జూరపు మొద్దుల స్తంభాలతో, ఖర్జూరపు మట్టల కప్పుతో ఉండేది. హజ్రత్ ఉమర్ (రజి) దాన్ని విస్తరించినప్పటికీ అదే పద్ధతిని పాటించారు. ప్రజలకు వాన నుండి రక్షణ ఉంటే చాలుననీ, వారి దృష్టిని మళ్ళించే ఎరుపు, పసుపు రంగులు వద్దనీ ఆయన హెచ్చరించినట్లు బుఖారీ గ్రంథంలో ఉన్నది. తరువాత హిజ్రీ 29వ సంవత్సరంలో (క్రీ.శ. 649–50) హజ్రత్ ఉస్మాన్ (రజి) చెక్కిన రాతితో, గచ్చుతో, టేకు కప్పుతో దాన్ని పునర్నిర్మించారు. అప్పుడు ప్రజలు విస్తారంగా వ్యాఖ్యానించారు. ఖలీఫా వారి నోరు మూయించలేదు. అల్లాహ్ ప్రసన్నత కోసం మస్జిదు కట్టినవారికి స్వర్గంలో లభించే ప్రతిఫలాన్ని తెలిపే హదీసును చూపి సమాధానమిచ్చారు. విమర్శా, సమాధానమూ రెండూ భద్రంగా మనదాకా వచ్చాయి. కట్టడాన్ని ప్రశ్నించడం కట్టినవారి నియ్యత్‌ను శంకించడం కాదని దీనివల్ల తెలుస్తున్నది.

మేస్త్రీ సాక్ష్యం

తరువాతి కాలంలో ఇది ఒక విద్యగా ఎదిగింది. 14వ శతాబ్దపు ట్యూనిస్ నగరంలో ఇబ్నుర్రామీ అనే మేస్త్రీ ఉండేవాడు. గోడలు, కిటికీలు, మురుగుకాలువల తగాదాలలో ఖాజీ తరఫున వెళ్ళి కట్టడాలను పరీక్షించి అభిప్రాయం చెప్పడం అతని పని. ఆ అనుభవంతో అతడు కట్టడాల ధర్మాలపై ఒక గ్రంథం రచించాడు. 1377లో ముఖద్దిమా రచించిన ఇబ్ను ఖల్దూన్ కూడా నిర్మాణాన్ని నాగరిక జీవనపు తొలి వృత్తిగా పేర్కొని, గోడల తగాదాలలో అధికారులు నిర్మాణం తెలిసినవారిని సంప్రదిస్తారని వివరించాడు.

చీరాలకు అన్వయిస్తే

కట్టడాన్ని విచారించడమంటే చూపుకు బాగుందో లేదో చెప్పడం మాత్రమే కాదు. చీరాలలో నేత ఇంటినే తీసుకోవచ్చు. అరబ్బు దేశాలకు ఎగుమతి అయిన తేలియా రుమాళ్ళకు పేరుపొందిన ఊరది. గుంట మగ్గానికి నేలలో గొయ్యి కావాలి. ఆ గొయ్యిలోని తేమ నూలు తెగకుండా కాపాడుతుంది. బట్ట మీద సమమైన వెలుతురు పడాలి. పడుగు సాగదీసి గంజి పెట్టడానికి వీధిలో బారు స్థలం ఉండాలి. ఇవి లేని ఇల్లు ఎంత నున్నగా కట్టినా నేతగానికి పనికిరాదు. ఆ సంగతి ఇంజనీరుకన్నా ముందు నేతగానికే తెలుస్తుంది.

మస్జిదుకూ ఇదే కొలత. చీరాల నుండి ఖిబ్లా నేరుగా పడమర కాదు, పడమరకు దాదాపు 15 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. రోడ్డు వాలునుబట్టి గోడలు లేపితే లోపల సఫ్‌లు ఏటవాలుగా గీయవలసి వచ్చి, మూలల్లో చోటు వృథా అవుతుంది. ఖిబ్లా గోడ పడమటి వైపు ఉండడంవల్ల అసర్ వేళకు ఎండంతా దానిమీదే పడుతుంది. అది పలుచగా ఉంటే ముందు వరుసవారు ఉక్కతో అల్లాడుతారు. సముద్రం ఊరికి ఆగ్నేయంగా ఉన్నది. వేసవి మధ్యాహ్నాలలో వచ్చే గాలి తూర్పు వాకిట లోనికి ప్రవేశించినా, పడమటి గోడ పైభాగంలో గవాక్షాలు లేకపోతే బయటికి పోయే దారి ఉండదు. అడ్డువచ్చే స్తంభాలు సఫ్‌లను విరుస్తాయి. నున్నని పలకలూ, ఖాళీ గుమ్మటమూ ప్రతిధ్వని పెంచి ఖిరాఅత్‌ను అస్పష్టం చేస్తాయి. ఇక ఉప్పుగాలి సంగతి: అది కాంక్రీటులోకి దిగి ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది, తుప్పుపట్టిన చువ్వ ఉబ్బి పైపొరను పగలగొడుతుంది. చువ్వల మీద కాంక్రీటు పొర ఎంత మందం ఉన్నదని అడగడం మినారు ఎత్తు అడగడంకన్నా ముఖ్యం.

విచారణ పద్ధతి

1977లో ఏర్పడి, 1980లో లాహోరులో తొలిసారి ప్రదానమైన ఆగాఖాన్ వాస్తు పురస్కారం ఈ దృష్టినే ఆధునిక పద్ధతిలో అనుసరిస్తున్నది. బొమ్మలు చూసి తీర్పు ఇవ్వక, నిపుణులను ఆ స్థలాలకు పంపి, అక్కడ మసలే ప్రజలతో మాట్లాడించి, ఆ నివేదికలను న్యాయనిర్ణేతల ముందుంచుతారు.

ఏ ఊరి జమాఅతు అయినా ఇంత మాత్రం చేయవచ్చు. నక్షా సిద్ధమైన తరువాత పునాది తీయకముందే దాన్ని అందరి ముందు పరచాలి. ఇమామునూ, మేస్త్రీనీ, వుజూకు మెట్లెక్కలేని వృద్ధులనూ, స్త్రీలనూ అభిప్రాయం అడగాలి. కట్టిన ఏడాది తరువాత మరల అదే ప్రశ్నలు వేసి, జవాబులను వ్రాసి ఉంచాలి. కాగితం మీద గీత చెరపడం తేలిక. కట్టిన గోడను కూల్చాలంటే పోయేది బీదవాని చందాయే.