గుండె వేగానికి, బీపీకి మధ్య సంబంధం

మంచం మీద నుంచి చటుక్కున లేస్తే ఒక్క క్షణం కళ్ళు బైర్లు కమ్ముతాయి. హాస్టల్లో మనందరికీ ఇది అనుభవమే. దీనిని నీరసం అని కొట్టిపారేస్తాం గాని, ఆ క్షణంలో ఒంట్లో జరిగే పని చాలా పెద్దది.

లేవగానే సుమారు అర లీటరు రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి దిగుతుంది. బీపీ పడిపోతుంది. మెడలోని కెరోటిడ్ సైనస్‌లోను, మహాధమని వంపులోను ఉన్న బారోరిసెప్టర్లు అనే నాడీ కొనలు దీనిని పసిగట్టి మెదడులోని మెడుల్లాకు తెలియజేస్తాయి. మెడుల్లా వేగస్ నాడి ద్వారా గుండెకు వేసి ఉంచిన బ్రేకును వదులు చేస్తుంది. ఒకటి రెండు సెకన్లలోనే గుండె వేగం పెరుగుతుంది. రక్తనాళాలు బిగుసుకోవడానికి ఇంకొన్ని సెకన్లు పడుతుంది. బీపీ పెరిగితే గుండె నెమ్మదిస్తుంది. బావి గిలకకు చెరోవైపు కట్టిన బొక్కెనల్లాగా అన్నమాట.

1847లో జర్మనీకి చెందిన కార్ల్ లుడ్విగ్ కైమోగ్రాఫ్ తయారుచేశాడు (జువాలజీ ల్యాబులో మసి కాగితం చుట్టిన డ్రమ్ము అదే). ఊపిరితో పాటు బీపీ, గుండె వేగం రెండూ ఊగుతాయని ఆ గీతల్లో కనిపించింది. ఇప్పుడు ఇసిజితో పాటు వేలికి తొడిగే పట్టీతో ప్రతి స్పందనకూ బీపీ కొలుస్తున్నారు. బీపీ 10 మిల్లీమీటర్లు పెరిగినప్పుడు రెండు స్పందనల మధ్య వ్యవధి 120 మిల్లీసెకన్లు పెరిగితే, ఆ నిష్పత్తి 12. గుండెపోటు వచ్చినవారిలో ఇది 3 కన్నా తక్కువ ఉంటే ప్రాణాపాయం ఎక్కువని 1998లో వెలువడిన అట్రామి పరిశోధన తేల్చింది.

వయసుతో ఈ సర్దుబాటు మందగిస్తుంది. బీపీ మాత్రలు వాడే మన అవ్వాతాతలు లేవగానే తూలడానికి ఇదొక కారణం. అలాగని మాత్రలు మానేయకూడదు. ఆస్పత్రిలో కూర్చోబెట్టి ఒక్కసారి చూసి పంపేస్తుంటారు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మరోసారి చూడమని అడగాలి. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని తగ్గితే డాక్టరు మందు మార్చవలసి రావచ్చు. ఇంట్లో చదువుకున్నది మనమే కాబట్టి అడగవలసిందీ మనమే.

ప్రార్థన లైనులో పడిపోయే తమ్ముళ్ళ సంగతి వేరు. ఖాళీ కడుపుతో, నీళ్ళు తాగకుండా, కదలకుండా చాలాసేపు నిలబడితే ఒక్కోసారి బొక్కెనలు రెండూ కిందికే దిగుతాయి. బీపీ పడుతూ ఉంటే గుండె కూడా నెమ్మదిస్తుంది. అలాంటివారిని లేపి నిలబెట్టకూడదు. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పట్టుకుంటే ఒకటి రెండు నిమిషాల్లో తేరుకుంటారు. తేరుకోకపోయినా, ఆటలో పరుగెడుతూ పడిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.