మీటర్ మైనస్ 40 అంటోంది... పోయింది సెన్సారా? వైరా?

మే నెల, విజయవాడ. బయట 42 డిగ్రీల ఎండ. కారుకు స్కానర్ తగిలిస్తే మాత్రం కూలెంట్ ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలని చూపిస్తుంది. బండి స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది. పెట్రోలు వాసన, ఆగకుండా తిరిగే రేడియేటర్ ఫ్యాన్, పడిపోయిన మైలేజీ. స్కానర్‌లో కోడ్ పీ0118. ‘సెన్సార్ పోయింది, మార్చేద్దాం’ అనేస్తారు. కొత్తది వేశాక మర్నాడు మళ్లీ అదే లైటు వెలిగితే? డబ్బుకు డబ్బూ పోయింది, జబ్బు అలాగే ఉంది.

అసలు మైనస్ 40 ఎక్కడిది?

కూలెంట్ సెన్సార్ లోపల చిన్న థర్మిస్టర్ ఉంటుంది. వేడి పెరిగే కొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. బాగా వాడుకలో ఉన్న ఒక రకంలో ఆ లెక్క సుమారుగా ఇలా ఉంటుంది:

- 20 డిగ్రీల దగ్గర 2,500 ఓమ్‌లు
- 40 డిగ్రీల దగ్గర 1,200 ఓమ్‌లు
- 80 డిగ్రీల దగ్గర 320 ఓమ్‌లు
- 100 డిగ్రీల దగ్గర 190 ఓమ్‌లు

ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీయూ, ఈ సెన్సార్‌కు 5 వోల్టులు పంపి, అక్కడ ఎంత వోల్టేజీ నిలిచిందో చూసి వేడిని లెక్కగడుతుంది. వైరు తెగితే 5 వోల్టులూ అలాగే నిలిచిపోతాయి. ఈసీయూ దృష్టిలో అది కొలతకు అందే అతి తక్కువ ఉష్ణోగ్రత: మైనస్ 40. ఇంజిన్ గడ్డకట్టుకుపోయిందనుకుంటే పెట్రోలు ఎక్కువ పోస్తుంది. సెన్సార్ మీద నమ్మకం పోతే, ఇంజిన్ కాలిపోకూడదని ఫ్యాన్‌ను తిప్పుతూనే ఉంటుంది.

కోడ్ చెప్పేది ఎంతవరకు?

పీ0118 అంటే ‘ఈ సర్క్యూట్‌లో వోల్టేజీ మరీ ఎక్కువగా ఉంది’ అని. పీ0117 అంటే మరీ తక్కువగా ఉందని. సర్క్యూట్ అంటే సెన్సార్ ఒక్కటే కాదు. ప్లగ్గు, రెండు వైర్లు, ఈసీయూ కూడా. బానెట్ కింద దూరిన ఎలుక వైరు కొరికినా, ప్లగ్గు పిన్నుకు పచ్చటి చిలుము పట్టినా వచ్చేది అదే పీ0118. పీ0128 వస్తే మాత్రం ముందు థర్మోస్టాట్‌ను అనుమానించాలి. అది తెరుచుకునే ఉండిపోతే ఇంజిన్ సరిగా వేడెక్కదు.

మూడు కొలతలు

ఒకటి: రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే స్కానర్ పెట్టండి. కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి పోయే గాలి ఉష్ణోగ్రత దాదాపు సమానంగా ఉండాలి. గాలి 30, కూలెంట్ 55 అని చూపిస్తే ఏదో ఒకటి తప్పు చెబుతున్నట్టే.

రెండు: రెండు పిన్నుల సెన్సార్ అయితే ప్లగ్గు ఊడదీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, వైరు వైపు పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టండి. 5 వోల్టుల దగ్గర రావాలి. రాకపోతే లోపం వైరింగ్‌లోనో ఈసీయూలోనో ఉంది. కొత్త సెన్సార్ కొన్నా లాభం లేదు.

మూడు: విప్పిన సెన్సార్ మొనను గ్లాసుడు వేడినీళ్లలో ముంచి ఓమ్‌లు చూడండి. నీళ్లు చల్లారే కొద్దీ అంకె నిలకడగా పెరగాలి. మధ్యలో గెంతినా, అసలు కదలకపోయినా సెన్సార్ పోయినట్టే. కచ్చితమైన అంకెలకు మీ కారు సర్వీస్ మాన్యువల్ చూడాలి.

మార్చేటప్పుడు

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చేయి పెట్టండి. వేడి మీద కూలెంట్ ఒత్తిడితో ఉంటుంది. మూత తిప్పితే ముఖం మీదికి చిమ్ముతుంది. బ్యాటరీ నెగెటివ్ తీసి, పాత సెన్సార్ విప్పి, కొత్త ఓ-రింగ్ లేదా వాషర్‌తో కొత్తది బిగించండి. అతిగా బిగిస్తే మర పోతుంది. తగ్గినంత కూలెంట్ అదే రకంతో నింపి, గాలి బయటికి పోనివ్వాలి. సెన్సార్ మొన ద్రవంలో మునగకపోతే కొత్తది కూడా తప్పే చెబుతుంది. చివరగా కోడ్ చెరిపేసి, ఇంజిన్ వేడెక్కే వరకూ నడిపి స్కానర్‌లో అంకె చూడండి. చాలా కార్లలో అది 80–100 మధ్య నిలుస్తుంది.

ఈసారి ఎవరైనా ‘సెన్సార్ మార్చాలి’ అంటే ఒక్క ప్రశ్న వేయండి: ‘మీటర్ పెడితే ఎంత వచ్చింది?’ అంకె చెప్పగలిగితే మార్పించండి. చెప్పలేకపోతే ముందు కొలవమనండి.