బెత్తం నేర్పేది ఏమిటి?

ప్రవర్తనావాదం అనగానే చాలామందికి ఎర, దెబ్బ అనే రెండే గుర్తొస్తాయి. ఆశపెట్టో భయపెట్టో ఎవరినైనా దారికి తేవచ్చని ఆ సిద్ధాంతం చెబుతుందనుకుంటారు. ఆ శాస్త్రాన్ని నిర్మించినవాళ్ల ప్రయోగాలు మాత్రం బెత్తానికి వ్యతిరేకంగానే సాక్ష్యం చెబుతున్నాయి. బోనులో పెట్టిన పిల్లి గడియ తీసుకుని బయటపడటం ఎలా నేర్చుకుంటుందో అమెరికన్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో వివరించాడు. తృప్తినిచ్చిన పని బలపడుతుంది, బాధపెట్టిన పని బలహీనపడుతుంది అని ఆ తర్వాత సూత్రం చెప్పాడు. 1930ల తొలినాళ్లలో మనుషులతో పరీక్షలు జరిపాక అందులో రెండో సగాన్ని ఆయనే సడలించాడు. ‘ఒప్పు’ అంటే సరైన జవాబు నిలిచినంతగా, ‘తప్పు’ అంటే పొరపాటు జవాబు చెరగడం లేదు. సొంత సూత్రాన్ని సాక్ష్యం చూసి సవరించుకున్న ఆ నిజాయితీ గౌరవించదగ్గది.

ప్రవర్తనావాది బి.ఎఫ్. స్కిన్నర్ 1938లో ప్రచురించిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంటుంది. మీట నొక్కితే తిండి వస్తుందని నేర్చుకున్న ఎలుకలకు ఆయన తిండి ఆపేశాడు. కొన్నింటికి మొదటి కొద్ది నిమిషాల పాటు, నొక్కినప్పుడల్లా కాళ్ల మీద దెబ్బ పడేలా చేశాడు. అవి వెంటనే నొక్కడం తగ్గించాయి. దెబ్బలు ఆగాక మళ్లీ మొదలుపెట్టి, రెండో రోజు ముగిసేసరికి దెబ్బ తినని ఎలుకలతో ఇంచుమించు సమానంగా నొక్కాయి. అంటే దెబ్బ ఆ అలవాటును కాసేపు అణచగలిగింది, అంతే. దెబ్బ వెంట వచ్చే భయం మాత్రం అంత తేలిగ్గా పోదు. జాన్ వాట్సన్, రోసలీ రేనర్ 1920లో వివరించిన ప్రయోగంలో, ఆల్బర్ట్ అనే పదకొండు నెలల పసివాడు తెల్ల ఎలుకను తాకబోతే వెనకాల ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టి పెద్ద చప్పుడు చేసేవారు. వాడి భయం ఎలుకతో ఆగక కుందేలుకూ, కుక్కకూ, బొచ్చుకోటుకూ పాకింది. ఆ భయం పోగొట్టకుండానే పసివాణ్ని పంపేయడం క్షమించరానిది. లెక్కల పీరియడ్‌లో దెబ్బలు తిన్న పిల్ల భయం కూడా బెత్తం దగ్గర ఆగదు. మాస్టారి మీదికీ, పుస్తకం మీదికీ, చివరికి లెక్కల మీదికీ పాకుతుంది. భయాన్ని విప్పే దారి 1924లో మేరీ కవర్ జోన్స్ చూపించింది. కుందేలంటే హడలిపోయే పీటర్ అనే చిన్నపిల్లవాడు ఇష్టమైనవి తింటూ ఉండగా దాన్ని కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చింది. చివరికి వాడే దాన్ని నిమిరాడు. ఆమె పేరు మన ఉపాధ్యాయులందరికీ తెలియాలి.

దెబ్బ పడగానే తరగతి నిశ్శబ్దమవుతుంది కదా అని అడగవచ్చు. అవుతుంది. ఆ నిశ్శబ్దమే కొట్టినవారికి బహుమానమై, మరోసారి కొట్టే అలవాటును బలపరుస్తుంది. అక్కడ నిజంగా శిక్షణ పొందుతున్నది బెత్తం పట్టిన చెయ్యి. శిక్ష ఎప్పుడూ పనిచేయదని కూడా అనలేం. అజ్రిన్, హోల్జ్ 1966లో సాక్ష్యాలన్నీ సమీక్షించి, మొదటి నుంచీ తీవ్రంగా, తప్పు జరిగిన మరుక్షణమే, ప్రతిసారీ పడితే శిక్ష గట్టిగా అణచగలదని చూపించారు. ఏ పిల్లల మీదా అంత కఠినమైన ఏర్పాటును మనం అనుమతించకూడదు. ఎలుకల సంగతి మనుషులకు వర్తించదనేవారి కోసం పిల్లల లెక్కలే ఉన్నాయి. దాదాపు 1,60,000 మంది పిల్లలకు సంబంధించిన 75 అధ్యయనాలను ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ 2016లో కలిపి చూశారు. పిరుదుల మీద కొట్టే దెబ్బలకూ దూకుడు వంటి చెడు ఫలితాలకూ సంబంధం కనిపించింది. దెబ్బే కారణమని అది నిరూపించదు, నిజమే. కానీ దెబ్బ మేలు చేస్తుందనడానికి అందులో ఆధారమేదీ దొరకలేదు.

దెబ్బకు బదులు బహుమానాలిస్తే పిల్లలు చెడిపోతారన్న అభ్యంతరంలో కొంత నిజముంది. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ బొమ్మలు గీయడం ఇష్టమున్న పసిపిల్లల్లో కొందరికి సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి గీయించారు. తర్వాత వాళ్లకు బొమ్మల మీద ఆసక్తి తగ్గింది. అనుకోకుండా సర్టిఫికెట్ అందుకున్నవాళ్లలో తగ్గలేదు. కాబట్టి ఇష్టంగా చేసే పనికి ఎర అక్కర్లేదు. కష్టపడి నేర్చుకునే పనిలో సరైన అడుగు పడగానే గుర్తించి చెప్పడం అవసరం.

విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. బడికి వెళ్లి “నాలుగు తగిలించండి మాస్టారూ” అని చెప్పే తల్లిదండ్రులు దయచేసి ఆ మాట మానండి. మీ పిల్లకు ఈ వారం ఏం వచ్చిందో అడగండి.