మైపాడు ఇసుకలో జీపు సరదా: దిగే ముందు తెలుసుకోవాల్సిన సంగతులు

రంజాన్ పండగ మరుసటి రోజు సాయంత్రం నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే రోడ్డు చూస్తే చాలు, ఊరు ఊరంతా సముద్రానికి బయలుదేరిందా అనిపిస్తుంది. ఆటోలు, బైకులు, కార్లు, వాటి నిండా కొత్త బట్టల్లో పిల్లలు, ఒళ్లో బిర్యానీ డబ్బాలు. దూరం సుమారు 25 కిలోమీటర్లు. ఇందుకూరుపేట మండలంలోకి వచ్చాక వరి పొలాలు, రొయ్యల గుంటలు, సరుగుడు తోటలు దాటితే బంగాళాఖాతం కనిపిస్తుంది.

ఈ మధ్య ఆ వరసలో థార్‌లు, జిమ్నీలు, పాత మేజర్ జీపులు కూడా చేరాయి. రోడ్డు ఎక్కడ అయిపోతుందో అక్కడ కార్లన్నీ ఆగుతాయి. జీపులో వచ్చిన కుర్రాడికి మాత్రం అసలు ప్రయాణం అక్కడే మొదలవుతుంది. "నాన్నా, ఒక్క రౌండు" అంటాడు. నాన్న ఏం చెప్పాలి?

ఊరికే వద్దంటే కుర్రాడు వినడు. సరే అంటే జరిగేదానికి నాన్నే బాధ్యుడు. అందుకే ఆఫ్‌రోడింగ్ అనే ఈ సరదా ఏమిటి, దాన్ని తెలిసినవాళ్లు ఎట్లా చేస్తారు, మైపాడు లాంటి చోట దానికి హద్దు ఎక్కడ అన్నది ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండడం మంచిది.

మహీంద్రా పక్కన ఒక మహమ్మద్

రోడ్డు లేని చోట బండి నడపడం మొదట సరదా కాదు, అవసరం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం తయారైన విల్లీస్ జీపు బురదలో, ఇసుకలో, కొండదారుల్లో నాలుగు చక్రాలూ తిప్పుకుంటూ పోయింది. యుద్ధం అయ్యాక అవే జీపులు పొలాలకు, అడవులకు, ప్రభుత్వ ఆఫీసులకు చేరాయి.

ఈ కథలో మన పాఠకులకు ఆసక్తి కలిగించే ఒక పేరుంది. 1945లో లూథియానాలో ఉక్కు వ్యాపారం కోసం ఒక కంపెనీ పుట్టింది. దాని పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా సోదరులతో కలిసి దాన్ని పెట్టినవారు మాలిక్ గులాం మహమ్మద్. దేశ విభజన తర్వాత ఆయన పాకిస్తాన్ వెళ్లి ఆ దేశానికి తొలి ఆర్థిక మంత్రి అయ్యారు. 1951లో గవర్నర్ జనరల్ కూడా అయ్యారు. ఇక్కడ మిగిలిన కంపెనీ 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకుంది. పేరులో ఉన్న రెండు 'ఎం' అక్షరాలు మాత్రం మారలేదు. విల్లీస్ జీపులను మన దేశంలో బిగించి అమ్మింది ఆ కంపెనీయే. ఈ రోజు కుర్రకారు మోజుపడే థార్ ఆ జీపు వంశంలోదే. థార్ 2010లో వచ్చింది, దాని కొత్త రూపం 2020లో వచ్చింది. మారుతి జిప్సీ 1985 నుంచి మూడు దశాబ్దాలు దాటి నడిచింది. జిమ్నీ 2023లో మార్కెట్లోకి దిగింది.

సరదాగా మారిన ఆఫ్‌రోడింగ్‌కు ఇప్పుడు బెంగళూరు, చెన్నై, హైదరాబాద్, కేరళలో క్లబ్బులున్నాయి. మహీంద్రా కంపెనీ నాసిక్ దగ్గర ఇగత్‌పురిలో శిక్షణ కేంద్రం నడుపుతోంది. గోవాలో 2014 నుంచి రెయిన్‌ఫారెస్ట్ చాలెంజ్ పోటీలు మొదలయ్యాయి. డాకర్ ర్యాలీ 2020 నుంచి సౌదీ అరేబియా ఎడారిలో జరుగుతోంది. దాన్ని పూర్తి చేసిన తొలి భారతీయుడు బెంగళూరుకు చెందిన సి.ఎస్. సంతోష్, 2015లో బైకు మీద.

మన ఇళ్లలో చాలామందికి ఈ సరదా గల్ఫ్ నుంచి వచ్చింది. దుబాయ్ పక్క లహ్‌బాబ్ ఎర్ర ఇసుక దిబ్బల మీద ల్యాండ్ క్రూయిజర్‌లో ఊగిన అన్న ఊరికి వచ్చినప్పుడు వీడియో చూపిస్తాడు. తమ్ముడికి వీడియోలో ఇసుక కనిపిస్తుంది. ఆ ఇసుకలోకి దిగే ముందు డ్రైవరు టైర్లలో గాలి తీసిన పది నిమిషాలు మాత్రం వీడియోలో ఉండవు.

గాలి తీయడం ఎందుకు?

ఇసుకలో బండిని నిలబెట్టేది ఇంజిన్ బలం కాదు, టైరు నేలను తాకే వెడల్పు, పొడవు. మంచం మీద చేత్తో నొక్కితే పరుపు కొంచెమే దిగుతుంది, వేలితో పొడిస్తే లోపలికి దిగబడుతుంది. టైరు సంగతీ అంతే. రోడ్డు మీద 30, 32 పీఎస్‌ఐ గాలి ఉంటే టైరు గట్టిగా, గుండ్రంగా ఉండి ఇసుకను వేలిలా పొడుస్తుంది. దాన్ని 15 నుంచి 18కి దించితే టైరు అడుగు భాగం సాగి, నేలను తాకే చోటు చాలా పెరుగుతుంది. బండి బరువు అంత మేరా పరుచుకుని ఇసుక మీద తేలినట్టు పోతుంది.

అయితే గాలి తగ్గిన టైరు గట్టిగా మలుపు తిప్పితే రిమ్ము నుంచి ఊడిపోవచ్చు. అందుకే ఇసుకలో మెల్లగా తిప్పాలి, హఠాత్తుగా బ్రేకు వేయకూడదు. తిరిగి రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి నింపాలి. తక్కువ గాలితో హైవే మీద వేగంగా పోతే టైరు వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. గాలి నింపే చిన్న కంప్రెసర్ బండిలో లేకపోతే గాలి తీయనే కూడదు.

చక్రం తిరుగుతూ బండి కదలకపోతే కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే, యాక్సిలరేటర్ ఇంకా తొక్కడం. చక్రం తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. కాసేపటికి బండి పొట్ట ఇసుక మీద ఆనుతుంది. అప్పుడు నాలుగు చక్రాలూ తిరిగినా లాభం లేదు. తెలిసినవాడు చక్రం జారిన మొదటి క్షణంలోనే కాలు తీసేస్తాడు. దిగి టైర్ల ముందు ఇసుక పారతో తీసి, తాను వచ్చిన జాడలోనే వెనక్కి వస్తాడు.

థార్ కొన్నంత మాత్రాన నాలుగు చక్రాలూ తిరుగుతాయని కూడా అనుకోకూడదు. వెనక రెండు చక్రాలకే శక్తి అందే థార్‌లు కూడా అమ్ముడవుతున్నాయి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇసుకలో దిగాక తేడా తెలుస్తుంది.

నెలవంక చెప్పే సంగతి

సముద్రపు ఒడ్డు మూడు పట్టీలుగా ఉంటుంది. పైన పొడి ఇసుక వదులుగా ఉంటుంది. మధ్యలో తడిసి ఆరుతున్న ఇసుక గట్టిగా ఉంటుంది. కింద అలలు వచ్చిపోయే చోట నీళ్లు నిండిన ఇసుక చూడ్డానికి నున్నగా ఉంటుంది గానీ బరువు పడితే జారిపోతుంది. బండ్లు ఎక్కువగా కూరుకునేది ఈ మూడో పట్టీలోనే. ఆగిన చక్రం చుట్టూ ఒక్కో అల కొంత ఇసుకను లాక్కుపోతుంది. పది నిమిషాల్లో బండి ఒక పక్కకు ఒరుగుతుంది.

దీనికి ఆటుపోట్లు తోడవుతాయి. నీరు రోజుకు రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. ఆ వేళలు రోజూ ముప్పావు గంట పైచిలుకు వెనక్కి జరుగుతాయి. అమావాస్యకు, పున్నమికి పోటు ఎక్కువ. నిజానికి అమావాస్య అయిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా హెచ్చుగా ఉంటుంది.

ఇక్కడే మన కుటుంబాలు గమనించాల్సిన విషయం ఉంది. షవ్వాల్ నెలవంక కనిపించేది అమావాస్య అయిన వెంటనే. అంటే రంజాన్ పండగ, దాని మరుసటి రోజు, ఏ ఏడాది చూసినా పెద్ద పోటు రోజులే. జనం ఎక్కువగా సముద్రానికి వెళ్లే రోజులూ అవే. షబే బరాత్ పున్నమికి వస్తుంది కనుక అప్పుడూ అంతే. బక్రీదు నెలలో పదో రోజు కాబట్టి పోటు కాస్త తక్కువ. మొహర్రంలో నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండగకు వచ్చి, అటునుంచి మైపాడు చూసి పోయే కుటుంబాలకు మొదటి రోజుల్లో పోటు తక్కువగానే ఉంటుంది గానీ పున్నమి దగ్గరపడే కొద్దీ పెరుగుతుంది.

ఇటువైపు తీరంలో ఆటుకు, పోటుకు మధ్య ఎత్తు తేడా పెద్దదేమీ కాదు, మీటరు అటూ ఇటూ. కానీ వాలుగా ఉన్న ఇసుక మీద ఆ కొద్ది ఎత్తే చాలా అడుగుల మేర ఒడ్డును కప్పేస్తుంది. మధ్యాహ్నం గట్టిగా ఉన్న దారి సాయంత్రానికి ఉండకపోవచ్చు. ఆ రోజు పోటు ఏ వేళకో అక్కడి మత్స్యకారులను అడిగితే ఇట్టే చెబుతారు. పడవ దించేది ఆ లెక్క చూసే కదా.

ఒడ్డు ఖాళీ స్థలం కాదు

పట్నం నుంచి వచ్చినవారికి ఒడ్డు ఖాళీగా కనిపిస్తుంది. మత్స్యకారులకు అది పని చేసుకునే చోటు. వలలు ఆరేది, పడవలు లాగేది, చేపలు ఎండేది అక్కడే. వల మీదుగా ఒక్కసారి చక్రం పోతే ఆ చిరుగు కుట్టుకోవడానికి రోజులు పడుతుంది, అన్ని రోజుల కూలీ పోతుంది. బండి కూరుకున్నప్పుడు పరుగున వచ్చి తోసేది కూడా ఆ మనుషులే.

ఇసుక కింద మరో ప్రాణి ఉంటుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే సముద్ర తాబేళ్లు ఆంధ్ర తీరానికి, అందులో నెల్లూరు తీరానికి కూడా, రాత్రిళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో తాబేలు ఒకటిన్నర అడుగు లోతు గొయ్యి తీసి సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు పొదుగుతాయి. పైనుంచి చూస్తే అక్కడేమీ ఉన్నట్టే తెలియదు. రెండు టన్నుల బండి దాని మీదుగా పోతే ఇసుక గట్టిపడి, పిల్లలు పైకి రాలేవు. వచ్చినా టైరు చేసిన చాళ్లలో పడి సముద్రం దాకా చేరలేవు. రాత్రి హెడ్‌లైట్ల వెలుగుకు దారి తప్పుతాయి.

చట్టం కూడా దీన్ని చిన్న విషయంగా చూడదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూలులో ఉంది. గుడ్లకు, గూళ్లకు హాని చేయడం కూడా వేట కిందికే వస్తుంది. తీర ప్రాంత నియంత్రణ నిబంధనల్లో తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు, ఇసుక దిబ్బలు అత్యంత సున్నితమైన తరగతిలో ఉన్నాయి. కేరళలో కన్నూరు దగ్గర ముళప్పిలంగాడ్ ఒడ్డు నాలుగు కిలోమీటర్ల మేర చదునుగా, గట్టిగా ఉండి, బండ్లు నడిపే బీచ్‌గా పేరుపడింది. మైపాడు అలాంటిది కాదు.

తాళం ఎవరి చేతికి?

పండగ రోజు ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు, పద్దెనిమిది నిండని పిల్లాడికి "ఇక్కడ రోడ్డు లేదుగా, ఏమవుతుంది" అని తాళం ఇవ్వడం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రి లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. గల్ఫ్ ఉద్యోగమో, డ్రైవరు పనో ఆశించే ఇంట్లో ఈ చివరి మాట చిన్నది కాదు.

బండికి ఇష్టమొచ్చినట్టు మార్పులు చేయించడం కూడా నేరమే. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండవచ్చు. ముందు తగిలించే ఇనుప బంపర్లు వద్దని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు చెప్పింది. ఇక ఉప్పునీరు ఇంజిన్‌లోకి పోతే మామూలు ఇన్సూరెన్సు సాధారణంగా ఆ ఖర్చు ఇవ్వదు, ఇంజిన్‌కు విడిగా కవరు తీసుకుని ఉండాలి.

పాత జీపుల్లో వెనక అడ్డం సీట్లకు బెల్టులుండవు. ఇసుక దిబ్బ మీద బండి ఒరిగితే ముందు బయట పడేది అక్కడ కూర్చున్న పిల్లలే.

మరి సరదా ఎక్కడ తీరాలి?

ఆఫ్‌రోడింగ్ చెడ్డ సరదా కాదు. సరిగ్గా చేసేవాళ్ల పద్ధతి చూస్తే అది తొందరను మాన్పించే విద్య. క్లబ్బుల్లో ఒంటరి బండిని లోపలికి పోనివ్వరు, కనీసం రెండు ఉండాలి. ముందు ఒకరు నడిచి నేల చూసి వస్తారు. బండిని లాగే పట్టీని గట్టి కొక్కేనికే తగిలిస్తారు, లాగేటప్పుడు ఆ పట్టీ దరిదాపుల్లో ఎవరినీ నిలబడనివ్వరు. అది తెగితే కొరడాలా కొడుతుంది. ఎక్కడ ఆడినా స్థలం యజమాని అనుమతితో ఆడతారు. ఇప్పుడు ఆడవాళ్లు కూడా ఈ బండ్లు నడుపుతున్నారు.

నేర్చుకోవాలనుకునే కుర్రాడికి దారి ఉంది. లైసెన్సు వచ్చాక శిక్షణ కేంద్రంలోనో, అనుభవమున్న క్లబ్బుతోనో, అనుమతి ఉన్న సొంత భూమిలోనో మొదలుపెట్టవచ్చు. మైపాడులో మాత్రం రోడ్డు ఆగిన చోటే బండి ఆగాలి. అక్కడి నుంచి సముద్రానికి నడిచేది కొన్ని అడుగులే.

"ఒక్క రౌండు" అని అడిగిన కొడుకుకు నాన్న ఇవ్వగలిగిన జవాబు ఇదే. వద్దనడం ఒక్కటే కాకుండా, కొడుకును వెంటబెట్టుకుని ఒడ్డుకు నడిచి, పొడి ఇసుక ఎక్కడ అయిపోతుందో, తడి ఇసుక ఎక్కడ మొదలవుతుందో, కిందటి పోటు నురగ గీత ఎక్కడిదాకా వచ్చిందో చూపించాలి. ఆ గీత చదవడం వచ్చినవాడికి తర్వాత స్టీరింగు ఇవ్వొచ్చు. ఆఫ్‌రోడింగ్‌లో మొదటి పాఠం కాళ్ల మీద నడిచే నేర్చుకుంటారు.