కొండ పచ్చికలోని ఆర్కిడ్ మొక్క

చెట్టు లేని నేలను చూచినంతనే బంజరని తలచుట మనకు అలవాటు. ఆ తలంపు అన్నిచోట్ల సరికాదని నీలగిరి కొండలమీది ఒక చిన్న మొక్క తెలుపుచున్నది.

దాని శాస్త్రీయ నామము సటీరియం నేపాలెన్సె. 1825లో డేవిడ్ డాన్ అను శాస్త్రజ్ఞుడు నేపాళపు మొక్కలను గూర్చిన తన గ్రంథమున దీనిని వర్ణించెను. హిమాలయములయందును, నీలగిరి, పళని కొండలయందును, సింహళమునందును ఇది పెరుగును. ఆర్కిడ్‌లలో పెక్కు చెట్ల కొమ్మలను ఆశ్రయించి బ్రతుకును. ఇది మాత్రము పచ్చిక నడుమ నేలలోనే వేరూనును.

మొక్క సాధారణముగా జానెడు మొదలు మూరెడు ఎత్తుండును. అడుగున రెండు మూడు దళసరి ఆకులు, వాని నడుమ ఒకే కాడ, కాడ చివర వెన్నువలె క్రిక్కిరిసిన గులాబిరంగు పూవులు కానవచ్చును. పెక్కు ఆర్కిడ్ పూవులలో పెదవివంటి రేకు క్రిందివైపున నుండును. దీనిలో అది పైవైపున టోపీవలె కప్పియుండును. దాని వెనుక రెండు సన్నని కొమ్ములు వ్రేలాడుచుండును. ఇదియే దీని గుర్తు.

భూమిలో దీనికి రెండు దుంపలు గలవు. ఒకటి ఈ యేటి మొక్కను పోషించి కృశించును. రెండవది వచ్చే యేటికై పెరుగును. పూత ముగిసి వానలు వెనుకబట్టగా మొక్క పైభాగ మెండిపోవును. జాడ కానరాకున్నను ప్రాణము భూమిలో నిలిచియుండును. పూవుపై ముచ్చటతో దుంపలతో పెరికినచో రేపటి మొక్కయు నశించును. విత్తనములు ధూళివలె సన్నములు. వానిలో ఆహారపు నిలువ లేదు. నేలలోని ఒకజాతి బూజు తోడ్పడిననే అవి మొలకెత్తును. కావున పోయిన మొక్కను విత్తనము చల్లి తిరిగి తెచ్చుట సులభము కాదు.

19వ శతాబ్దమునుండి నీలగిరి పచ్చికబయళ్లలో యూకలిప్టసు, వాటిల్ చెట్లను విస్తారముగా నాటిరి. వాని నీడలో పచ్చిక క్షీణించెను. పచ్చికతోపాటు దాని నాశ్రయించిన మొక్కలకును చోటు తరిగెను. వాననీటిని ఇముడ్చుకొని వాగులకు మెల్లగా విడుచునది కూడ ఆ పచ్చికయే.

చెట్లు నాటుట మంచి పనియే. అయినను నాటుటకు ముందు ఆ నేలలో ఇదివరకే ఏమి బ్రతుకుచున్నదో విచారింపవలెను. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి పంచాయతీయు జీవవైవిధ్య యాజమాన్య సంఘము నేర్పరచి, ప్రజా జీవవైవిధ్య పట్టికను వ్రాయించవలసియున్నది. సభ్యులు ఆ పట్టికలో అడవితోపాటు గ్రామపు పచ్చికబయళ్లను, పశువులకాపరులు ఎరిగిన గడ్డిమొక్కలను గూడ చేర్పింపవలెను. పట్టికకెక్కని మొక్క పోయినను, పోయినట్లు ఎవరికిని తెలియదు.