నడిసముద్రమునుండి ఉత్తరము

కాకినాడ రేవునందలి పడవవారు పోటుపాటుల వేళ నెరిగియే నావను కదలింతురు. నడిసముద్రమున తెరచాపనావలో నున్నవానికి మరియొక పోటుపాటు గలదు. అది నీటియందు గాక ఆకసమున నున్నది. దాని వేళ నెరుగనిచో, రేడియోమూలమున నతడు పంపు ఈమెయిలు తీరము చేరదు.

భూమి గుండ్రనిది, రేడియో తరంగము తిన్నగా పోవునది. అట్లయ్యు అది వేయి కిలోమీటర్ల యవతల వినబడుట యెట్లు? సూర్యకాంతి పైగాలిలోని యణువులనుండి ఎలక్ట్రానులను విడదీయగా, సుమారు 250 మొదలు 400 కిలోమీటర్ల యెత్తున నొక పొర యేర్పడును. హ్రస్వతరంగములు దానియందు వంగి మరల భూమికి దిగును. ఈ సంగతి చెప్పినపుడు మా తరగతిలో నొక బాలుడు, "మాష్టరుగారూ, పైన అద్దమే యున్నచో ఎల్లవేళల పనిచేయవలదా?" యని యడిగెను. మంచి ప్రశ్నయే. ఆ యద్దమును చేయువాడు సూర్యుడు. అతడు గ్రుంకిన కొలది నది పలుచనగును.

కాకినాడలో నొక తీరస్టేషనును, సుమారు 1,250 కిలోమీటర్ల దూరమున పోర్టుబ్లెయిరు చేరువ నొక నావయు నున్నవనుకొందము. మధ్యాహ్నము 14 మెగాహెర్ట్జుల తరంగము సాధారణముగా చక్కగా చేరును. అప్పుడే 3.5 మెగాహెర్ట్జులతో ప్రయత్నించినచో, 60 మొదలు 90 కిలోమీటర్ల యెత్తున పగలు మాత్రముండు క్రిందిపొర దానిని మ్రింగివేయును. తెల్లవారుజామున కథ తలక్రిందులగును. క్రిందిపొర మాయమై, పైపొర పలుచబడి యుండుటచే, 14 మెగాహెర్ట్జుల తరంగము పొరను చీల్చుకొని అంతరిక్షమునకు పోవును. 7 గాని అంతకు తక్కువగాని వలయును. ఇందొక వింత: పోర్టుబ్లెయిరున స్పష్టముగా వినబడు తరంగము, కాకినాడకు 150 కిలోమీటర్లలో నున్న నావకు బొత్తిగా వినబడకపోవచ్చును. అది వారి తలమీదుగా దాటిపోవును.

ఈ వేళలను ముందుగా గణించుటకు వోకాప్ అను కంప్యూటరు ప్రోగ్రాము గలదు. నెల, గంట, ఇరుతావులు, సుమారు 11 ఏండ్లకొకమారు పెరిగి తరుగు సూర్యబింబపు మచ్చల సంఖ్య దానికి చెప్పవలయును. అది నూటికి 70 అని చూపినచో, నెలలో 30 దినములకు 21 దినములు ఆ గంటకు ఫలించునని యర్థము. నేడు ఫలించునని కాదు. పంచాంగములోని తిథివంటిది కాదని మా మనవి.

మన తీరమున మరియొక చిక్కు. అయస్కాంత మధ్యరేఖ దక్షిణభారతపు కొనప్రాంతముమీదుగా పోవుచున్నది. పగలు ఆ రేఖపై ఎలక్ట్రానులు పైకెగసి ఇరుప్రక్కల దిగుటచే పొర చిక్కదనము తావుతావునకు మారును. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట నొక్కొక్కప్పుడు సంకేతము వణకును. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్య బి. రామచంద్రరావుగారును వారి శిష్యులును ఈ పొరలను చాలకాలము శోధించిరి.

ఇది వినోదమాత్రము కాదు. 1996 నవంబరు 6వ తేదీ తుపానులో మన గోదావరి సీమలో వేయిమందికి పైగా మడిసిరి. వారిలో వేటకు పోయిన బెస్తవారనేకులు. నేడు నావికుడు హ్రస్వతరంగమున తెప్పించుకొను గాలిపటము మిక్కిలి చిన్న ఉత్తరమే, కాని సకాలమున రావలయును. కావున నతడు మూడు పౌనఃపున్యముల నైనను సిద్ధముగా నుంచుకొని, ఏ గంటకు ఏది పలికెనో పుస్తకమున వ్రాసికొనుచుండును. సూర్యునియందు పెద్ద ప్రేలుడు కలిగినచో పగటిభాగమున హ్రస్వతరంగములన్నియు కొన్ని నిమిషములు మొదలు గంటవరకు మూగవోవుట గలదు. అట్టివేళ యంత్రము చెడినదని విప్పి చూడక, కొంతసేపు తాళి మరల పిలువవలయును.