ఇంటి కంప్యూటర్‌కి నీళ్ళ కాలువ: తవ్వేముందు కాస్త లెక్క

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలు దానికి మూడోది చేర్చారు: కంప్యూటర్ కట్టి చూడు! హైస్కూలుకి వచ్చిన పిల్లలున్న ఇళ్ళల్లో బేస్‌మెంట్లోనో పడకగది మూలనో గాజు పక్కలతో, రంగురంగుల దీపాలతో ఒక పెట్టె వెలుగుతూ ఉండటం మనందరికీ తెలిసిందే. కొనుక్కొచ్చిన పెట్టె కాదది. విడిభాగాలు తెప్పించుకుని వాళ్ళు స్వయంగా బిగించుకున్నది. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత ఒక రోజు భోజనాల దగ్గర మెల్లగా మాట కదుపుతారు. "నాన్నా, దీనికి వాటర్ కూలింగ్ లూప్ పెట్టుకుంటాను."

"కరెంటు వస్తువులో నీళ్ళేమిట్రా!" అన్నది మన నోట వచ్చే మొదటి మాట. అది తప్పు ప్రశ్నేమీ కాదు. రెండు మూడు వేల డాలర్ల యంత్రంలో మరికొన్ని వందల డాలర్లు పెట్టి నీళ్ళు పారిస్తామంటే కన్నవాళ్ళు అడగవలసిన ప్రశ్నే. అయితే సరేననడానికైనా, వద్దనడానికైనా విషయం తెలిసి ఉంటే మన మాటకు విలువ ఉంటుంది. ఈ వ్యాసం అందుకోసమే.

ఇంత వేడి ఎక్కడిది?

మనం చదువుకునే రోజుల్లో కంప్యూటర్ ల్యాబ్ అంటే చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్ళే గుడి లాంటిది. ఊరంతా ఉడికిపోతున్నా ఆ గదిలో మాత్రం ఏ.సీ. ఆడుతూ ఉండేది. నిజానికి అప్పటి చిప్పులు తినే కరెంటు చాలా తక్కువ. 1993లో వచ్చిన మొదటి పెంటియం సుమారు 15 వాట్లు తీసుకునేది. 2023లో వచ్చిన ఇంటెల్ ఐ9 14900కె గరిష్ఠంగా 253 వాట్లు తీసుకుంటుంది. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో 2022 నాటి ఆర్.టి.ఎక్స్. 4090కి 450 వాట్లు, 2025లో వచ్చిన 5090కి 575 వాట్లు కావాలి. మనం బట్టలు ఇస్త్రీ చేసుకునే పెట్టె వెయ్యి వాట్లు అనుకుంటే, అందులో సగానికి పైగా పోస్టల్ స్టాంపు అంత సిలికాన్ ముక్కలో పుడుతోందన్నమాట.

కంప్యూటర్ తీసుకున్న కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే బయటికి వస్తుంది. ఆ వేడిని సకాలంలో తీసేయకపోతే ఈ కాలపు చిప్పు కాలిపోదు కానీ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఈలోగా ఫ్యాన్లు విమానం లేచినట్టు హోరెత్తుతాయి. పిల్లలు నీటి లూప్ అడగడానికి అందం ఒక కారణమైతే, ఈ హోరు మరో కారణం.

నీళ్ళే ఎందుకు?

ఒకే ఘనపరిమాణంలో, ఒకే డిగ్రీ పెరుగుదలకు, నీరు గాలి కంటే సుమారు మూడున్నర వేల రెట్లు ఎక్కువ వేడిని మోసుకుపోతుంది. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం కృష్ణ ఒడ్డున ఉన్నది ఇందుకే. కారు ఇంజను ముందు రేడియేటర్ ఉన్నదీ ఇందుకే. ఘాట్ రోడ్డు ఎక్కుతూ పొగలు కక్కే అంబాసిడర్‌ని ఆపి, బానెట్ ఎత్తి నీళ్ళు పోసిన డ్రైవర్‌ని చూసినవారికి ఈ సూత్రం వేరే చెప్పనక్కర్లేదు.

కంప్యూటర్లకు నీళ్ళు కొత్త కూడా కాదు. 1980లో ఐ.బి.ఎం. ప్రకటించిన 3081 మెయిన్‌ఫ్రేమ్‌లో చిప్పుల మాడ్యూళ్ళ మీద చల్లటి నీరు పారేది. 1985 నాటి క్రే-2 సూపర్ కంప్యూటర్‌లో బోర్డులన్నిటినీ కరెంటు పారని ఒక ద్రవంలో ముంచేశారు. 1990 దశకంలో తక్కువ కరెంటుతో పనిచేసే సీమాస్ చిప్పులు మెయిన్‌ఫ్రేమ్‌లలోకి రాగానే నీళ్ళ అవసరం తగ్గింది. తర్వాత వేడి మళ్ళీ పెరిగింది, నీళ్ళూ తిరిగి వచ్చాయి. 2004లో ఆపిల్ తన పవర్ మాక్ జి5లో ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు పెట్టింది. టెనెసీలోని ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో 2022లో ప్రపంచంలోకెల్లా వేగవంతమైనదిగా పేరు పొందిన ఫ్రాంటియర్ కూడా నీటితోనే చల్లబడుతుంది. మీ అబ్బాయి అడుగుతున్నది దానికి బుల్లి తమ్ముడిని.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. నీళ్ళు పెడితే కంప్యూటర్ ఫ్రిజ్‌లా చల్లబడుతుందని కొందరనుకుంటారు. మన అమ్మమ్మల ఇంట్లో కూజా నీళ్ళు గది కంటే చల్లగా ఉండేవి. కూజా ఒంటికి చెమర్చిన నీరు ఆవిరైపోతూ వేడిని తీసుకుపోవడమే దానికి కారణం. కంప్యూటర్ లూప్ మూసిన గొట్టం. అందులో ఆవిరయ్యేది లేదు. కనుక ఆ నీళ్ళు ఎప్పటికీ గది గాలి కంటే చల్లబడలేవు. బాగా ప్లాన్ చేసిన లూప్‌లో గది కంటే ఒక పది డిగ్రీల సెల్సియస్ ఎక్కువలో నిలిస్తే చాలు, అది మంచి పనితనమే.

గుండె, ఊపిరితిత్తులు, నాళాలు

మన సంఘంలో డాక్టర్లకు కొదవ లేదు కాబట్టి వారి భాషలోనే చెబుతాను. పంపు గుండె. రేడియేటర్ ఊపిరితిత్తి. గొట్టాలు రక్తనాళాలు. చిప్పు మీద కూర్చునే వాటర్ బ్లాక్‌లో జుట్టుపోగుల్లాంటి సన్నటి గాళ్ళు చెక్కి ఉంటాయి, అవి కేశనాళికలు. ఇవి కాక నీళ్ళు పోయడానికి, బుడగలు పైకి తేలిపోవడానికి రిజర్వాయర్ అనే చిన్న తొట్టి ఉంటుంది. ప్లానింగ్ అంటే ఈ ఐదింటినీ ఒకదానికొకటి సరిపోయేలా ఎంచుకోవడమే.

పంపుల్లో డి5, డి.డి.సి. అనే రెండు రకాలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. ఇంటి లూప్‌కి ఏదైనా సరిపోతుంది. గొట్టాల్లో మెత్తవి, గట్టివి అని రెండు తరహాలు. గట్టి అక్రిలిక్ గొట్టాలను వేడిగాలితో వంచి అమర్చితే చూడ్డానికి బాగుంటాయి. కానీ వంపు ఒక్క పావు అంగుళం తేడా వచ్చినా ఆ ముక్క పారేయవలసిందే. మొదటిసారి చేసేవారికి మెత్త గొట్టాలే మేలు. గొట్టాన్ని పట్టుకునే ఫిటింగులకు దాదాపు అన్ని కంపెనీలూ జి 1/4 అనే ఒకే మర కొలత వాడతాయి. అయితే గొట్టం లోపలి కొలత, బయటి కొలత రెండూ ఫిటింగుతో కలవాలి. 10/13 గొట్టానికి 10/16 ఫిటింగు పట్టదు.

కాగితం మీద లెక్క

చిప్పులు రెండూ కలిసి 700 వాట్ల వేడి ఇస్తాయనుకుందాం. పంపు నిమిషానికి ఒక గ్యాలన్ నీరు తిప్పుతుందనుకుందాం. అంటే సెకనుకు 63 గ్రాములు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.186 జౌళ్ళు కావాలి. రెండూ గుణిస్తే 264. అంటే ప్రతి 264 వాట్లకూ నీరు ఒక డిగ్రీ వేడెక్కుతుంది. 700 వాట్లకు మూడు డిగ్రీలు కూడా కాదు.

ఈ చిన్న లెక్కతో పెద్ద వాదన ఒకటి తేలిపోతుంది. నీళ్ళు ముందు సి.పి.యు.కి వెళ్ళాలా, గ్రాఫిక్స్ కార్డుకి వెళ్ళాలా, మధ్యలో రేడియేటర్ ఉండాలా అని పిల్లలు రోజుల తరబడి తర్కిస్తారు. లూప్ మొత్తంలో నీటి తేడాయే మూడు డిగ్రీలైతే వరుస ఏదైనా పెద్దగా ఒరిగేది లేదు. గొట్టం దగ్గరి దారిలో, వంపులు తక్కువగా ఎటు వెళితే అదే మంచి వరుస. తప్పనిసరి నియమం మాత్రం ఒకటుంది. రిజర్వాయర్ పంపు కంటే ఎత్తులో, దానికి ముందు ఉండాలి. నీరు పల్లమెరుగు అన్నారు కదా, పంపులోకి నీరు తనంతట దిగాలి. పంపు లోపలి బేరింగుకి ఆ నీరే కందెన. పొడిగా తిరిగితే పంపు పాడవుతుంది.

రేడియేటర్ విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. ఒక 120 మి.మీ. ఫ్యాన్ చోటుకు సుమారు 100 నుంచి 150 వాట్లు అని మోటు లెక్క. మన 700 వాట్లకు ఆరు ఫ్యాన్ల చోటు, అంటే రెండు 360 మి.మీ. రేడియేటర్లు ఉంటే ఫ్యాన్లు నెమ్మదిగా, నిశ్శబ్దంగా తిరుగుతాయి. కొనేముందు టేపు తీసుకుని పెట్టె లోపల కొలవాలి. రేడియేటర్ మందం 30 మి.మీ., ఫ్యాన్ మందం 25 మి.మీ., కలిపి 55. ఆ చోటు మదర్‌బోర్డుకి తగలకుండా ఉందా అన్నది టేపు చెబుతుంది, ప్రకటన బొమ్మ చెప్పదు.

పెట్టె బొమ్మ గళ్ళ కాగితం మీద గీసి, ప్రతి గొట్టం మొదలూ చివరా గుర్తు పెట్టి, ఫిటింగులు లెక్కపెట్టమనండి. లూప్‌లో అన్నిటికంటే కింద ఉన్న చోట నీళ్ళు వదిలే కుళాయి ఒకటి ఉండి తీరాలి. మొదటి రోజు దాని విలువ తెలియదు. ఏడాది తర్వాత నీళ్ళు మార్చాల్సినప్పుడు తెలుస్తుంది.

కలవకూడనివి

రాగి, ఇత్తడి, నికెల్ పూత ఒక లూప్‌లో కలిసి కాపురం చేస్తాయి. అల్యూమినియం మాత్రం వాటితో కలవకూడదు. రెండు భిన్న లోహాల మధ్య నీరు చేరితే బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది. చవకగా దొరికే రేడియేటర్లలో కొన్ని అల్యూమినియంవి. కొనేముందు లోహం పేరు చదవాలి.

కుళాయి నీళ్ళు పోయకూడదు. వాటిలోని లవణాలు సన్నటి గాళ్ళలో పేరుకుంటాయి. కిరాణా కొట్లో గ్యాలన్ క్యానుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో నాచు పట్టకుండా, లోహం తినకుండా కాపాడే మందు కలపాలి. లేదా తయారు చేసి అమ్మే కూలెంట్ వాడాలి. డిస్టిల్డ్ నీటిలో కరెంటు పారదు కదా, కారినా ఏమీ కాదులే అని ఎవరైనా అంటే నమ్మకండి. లోహాల మీదుగా తిరిగిన కొన్నాళ్ళకే అది కరెంటు పారే నీరవుతుంది. మరో ముఖ్యమైన మాట. కొన్ని కూలెంట్లలో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. రుచికి తియ్యగా ఉండే విషం అది. చిన్నపిల్లలు, కుక్కలు ఉన్న ఇంట్లో సీసా మీద రాసింది చదివి కొనండి, పాత నీళ్ళను గిన్నెలో వదిలేయకండి.

నీళ్ళు పోసే రోజు

నీళ్ళ కంటే ముందు గాలి. చిన్న చేతి పంపు, దానికో మీటరు కలిపి లీక్ టెస్టర్ అని అమ్ముతారు. తయారీదారు చెప్పినంత మేరకే గాలి నింపి ఓ అరగంట చూస్తే, ముల్లు కదలకపోతే కీళ్ళన్నీ బిగువుగా ఉన్నట్టే. ముల్లు దిగితే ఏ ఫిటింగో వెతికి బిగించుకోవచ్చు, చుక్క తడి లేకుండా.

తర్వాత మదర్‌బోర్డుకీ, గ్రాఫిక్స్ కార్డుకీ వెళ్ళే కరెంటు తీగలన్నీ తీసేసి, పంపుకి మాత్రమే కరెంటు ఇవ్వాలి. దీనికోసం చిన్న జంపర్ ప్లగ్గు దొరుకుతుంది. ప్రతి కీలు కిందా పేపర్ టవల్ పరచి, రిజర్వాయర్ నింపి, పంపు కొద్ది సెకన్లు ఆడించి ఆపి, మళ్ళీ నింపాలి. పెట్టెను అటూ ఇటూ వంచుతుంటే బుడగలు బయటికొస్తాయి. కొన్ని గంటలు అలా తిరగనిచ్చి, టవళ్ళన్నీ పొడిగా ఉంటేనే మిగతా తీగలు పెట్టడం. పెళ్ళిలో ముహూర్తం తొందర ఉండొచ్చు గాని, ఇక్కడ తొందర లేదు.

ఎవరికి అక్కర్లేదు?

నిజం చెప్పుకోవాలంటే చాలామందికి అక్కర్లేదు. హోంవర్కుకి, మామూలు ఆటలకి వాడే కంప్యూటర్‌కి మంచి గాలి కూలర్ ఒకటి చాలు. ఇంకాస్త కావాలంటే, కంపెనీలోనే నీళ్ళు నింపి మూసిన కూలర్లు దొరుకుతాయి. కాలేజీకి వెళుతూ డార్మ్‌కి మోసుకెళ్ళే కంప్యూటర్‌కి సొంత లూప్ బరువే.

వేడి ఎక్కడికీ మాయం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 700 వాట్లంటే గంటకు సుమారు 2,400 బి.టి.యు. మిన్నెసోటా చలికాలంలో అది సగం రూమ్ హీటర్, సుఖంగానే ఉంటుంది. టెక్సాస్ ఆగస్టులో అదే వేడిని ఇంటి ఏ.సీ. మళ్ళీ మోయాలి. నీటి లూప్ వేడిని చిప్పు నుంచి గదిలోకి తెస్తుంది, అంతవరకే దాని పని.

వారంటీ గురించి ఒక మాట. మూత విప్పితే వారంటీ చెల్లదు అని అంటించే స్టిక్కర్ల గురించి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లోనూ, 2024లోనూ కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. దానికి ఆధారం 1975 నాటి వారంటీ చట్టం. అలాగని మన చేతిలో విరిగినదానికీ, మన నీళ్ళతో తడిసినదానికీ కంపెనీ బాధ్యత వహించదు.

మరి మన పనేమిటి?

ఇంత చెప్పి, పిల్లలను ఒంటరిగా వదిలేయమనడం లేదు. మన ఇళ్ళల్లో పిల్లలతో తెలుగు ఎంతవరకు మిగిలిందో ఒకసారి ఆలోచించండి. అన్నం తిన్నావా, పడుకో, లేట్ అవుతోంది. ఈ నాలుగు మాటల తర్వాత అసలు సంగతులన్నీ ఇంగ్లీషులోనే. చేతిలో పని ఉన్నప్పుడు భాష తనంతట వస్తుంది. మర బిగించు, మరీ బిగించకు. చెమ్మ తగిలిందా చూడు. గొట్టం నులుముకుంది, సరిచెయ్యి. ఊట వస్తోందా? ఈ మాటలు ఆదివారం బడి పుస్తకంలో ఉండవు. రెండు వారాంతాలు పక్కన కూర్చుని రెంచి అందిస్తే, మా అమ్మాయి నోట "నాన్నా, ఇక్కడ కారుతోంది" అని తెలుగులో వచ్చింది. కారింది సింకులో పెట్టి కడుగుతున్న రేడియేటర్‌లోంచి లెండి, కంగారు పడకండి!

ఇంకో సంగతి కూడా ఉంది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్ళలో సుమారు 15 బిలియన్ డాలర్లతో ఏ.ఐ. కేంద్రం పెడతామని ప్రకటించింది. అలాంటి కేంద్రాలు ఎక్కడ వచ్చినా ఆ ఊరివాళ్ళు అడగవలసిన ప్రశ్న ఒకటే: వేడిని కూజాలా నీళ్ళు ఆవిరి చేసి పంపుతారా, కారు రేడియేటర్‌లా మూసిన గొట్టాలతో పంపుతారా? మొదటిదానికి నీళ్ళు ఖర్చు, రెండోదానికి కరెంటు ఖర్చు ఎక్కువ. తన బల్ల మీద ఒక లూప్ కట్టిన పిల్లకి ఆ ప్రశ్న అడగడం వస్తుంది. జవాబులో నీళ్ళు నమలుతుంటే కనిపెట్టడమూ వస్తుంది.

కనుక ఈసారి మీ ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడు వెంటనే వద్దనకండి, వెంటనే క్రెడిట్ కార్డూ ఇవ్వకండి. గళ్ళ కాగితం, పెన్సిలు, టేపు తెచ్చి బల్ల మీద పెట్టి, "ముందు లెక్క చూపించమ్మా" అనండి.